వేలి మీద చీటీ

థండర్ బేలో డిసెంబరు.
బయట మైనస్ ఇరవై ఎనిమిది.
లోపల నా గాజు అరలో
పన్నెండు కోళ్ళకు చెమటలు పడుతున్నాయి.

వీటిని వేపేది నేను కాదు.
చువ్వలకు గుచ్చేది డెల్బర్ట్, తిప్పేది మోటారు,
ధర పెట్టేది టొరంటోలో ఎవరో, నేనెప్పుడూ చూడలేదు.
చీటీ అంటించే వేలు మాత్రమే నాది.

ఏడు తొంభై తొమ్మిది అంటించాను,
ఎప్పుడో కుర్రతనంలో కాదు, మొన్న మొన్ననే.
తరవాత తొమ్మిది నలభై తొమ్మిది.
ఈ సోమవారం నుంచి పన్నెండు తొంభై తొమ్మిది.
పక్షి మాత్రం పెరగలేదు.
కాస్త చిక్కినట్టే ఉంది:
కాళ్ళు కట్టే దారం ఇప్పుడు మిగులుతోంది.

"ఎగరలేని పక్షి, ధర మాత్రం భలే ఎగిరింది"
అన్నాడొకాయన. నవ్వాను.
ఆ మాట విని నవ్వడం ఆ రోజుకి ఏడోసారి.

మేనేజర్ ప్రెస్టన్ దగ్గర కారణాలున్నాయి:
మేత, డీజిల్, కరెంటు, ఎక్కడో పక్షులకు జబ్బు.
దారం సంగతి ఎత్తితే
కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నానంటాడు.

ఒకప్పుడు ఇక్కడ ఓ వింత ఉండేది.
పచ్చి కోడికంటే వండిన కోడే చవక.
నిప్పుకు డబ్బుల్లేవు, ఉప్పుకు డబ్బుల్లేవు.
దుకాణం చిట్టచివర పెట్టేవాళ్ళం దాన్ని,
అంతదూరం నడిచేలోగా
చేతులు ఊరుకోవు కదా అని.
అది ఎర.
ఇప్పుడు ఎరకూడా చేప ధర పలుకుతోంది.

గురువారం అయిదుంబావుకి లెంపి నిస్కనెన్ వస్తుంది.
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలిన మనిషి,
ఇప్పటికీ పప్పుల వరస చివర
బండి ఆపి అటూ ఇటూ చూసిగాని మలుపు తిరగదు.
ఆమె కొన్న గురువారం కోడి ఆదివారం దాకా కోడే.
సోమవారం సూపులో ఎముకలు ఇంకోసారి చస్తాయి.

పోయిన గురువారం ఒకటి తీసుకుంది.
బండిలో పెట్టలేదు.
కోటు బొత్తాలు విప్పి
వేడినీళ్ళ సంచిలా పొట్టకు ఆనించుకుని
ఉల్లిపాయల మధ్య, సబ్బుల మధ్య
అరగంట తిరిగింది.
బిల్లు కౌంటరు దాకా
బ్రెడ్డూ పాలూ ఆవపిండి సీసా మాత్రమే వెళ్ళాయి.

మూసేవేళ నాకు దొరికింది,
పుట్టినరోజు కార్డుల అరలో,
బెలూన్లు పట్టుకున్న ఎలుగుబంటి పక్కన.
సంచి లోపల ఆవిరి ఇంకా చుక్కలు కడుతోంది.
రూలు ప్రకారం దారి తప్పిన కోడి చెత్తబుట్టకే.
స్కాన్ చేసి "నష్టం" అని నొక్కాలి.
నొక్కాను.
తొమ్మిదింటికి గాజు అరలో దీపం కొండెక్కింది.
అప్పటికే అక్కడ ధర ఎక్కి కూర్చుంది.

అబద్ధం చెప్పను,
ఆ రాత్రి బాగానే నిద్రపోయాను.
పడుకునేముందు తిన్నది డబ్బా చేపలు.

ఈ గురువారం ఆమె ఒక్కతే రాలేదు.
వెంట రుయెల్ మకరాయెగ్, వాళ్ళ పై అంతస్తు అతను,
ధాన్యం గోదాములో రాత్రి పని.
బట్టలుతికే గదిలో పరిచయమట,
ఒక సబ్బుపొడి డబ్బాతో మొదలైందట.
"రెండు ముక్కలు చేసిస్తావా?"

కోయడం నా పని కాదు.
ప్రెస్టన్ అటు తిరిగి ఉన్నాడు,
తిరిగినట్టు ఉన్నాడు, ఏదో ఒకటి.
రొమ్ము ఎముక మీద కత్తి దించాను.
ఆవిరి లేచి కళ్ళద్దాలు మసకబారాయి.
చూడకుండానే కోసేశాను,
సగాలు సమంగా రాలేదు.

పెద్దది అతని వైపు తోసింది.
అతను వెనక్కి తోశాడు.
ఆమె మళ్ళీ.
బల్ల మీద కోడి కాసేపు అటూ ఇటూ నడిచింది,
బతికుండగా అంత నడిచిందో లేదో.

రెండు సంచులు కట్టాను.
చీటీ ఒకటే.
దేనికి అంటించాలో తోచక
వేలి మీదే పెట్టుకుని నిలబడ్డాను.
వరసలో వెనక ఎవరో
గొంతు సవరించుకున్నారు.